దీపం ఉండగానే... ఘాట్ దాటాలి!

- కొండ దారిలో బండికి బలం కన్నా చూపే ముఖ్యం
- మసక హెడ్‌లైట్లకు తక్కువ ఖర్చులో వైద్యం
- ఫోర్ వీల్ బండి ఎవరికి అవసరం? ఎవరికి ఆడంబరం?

జయపురం (కొరాపుట్ జిల్లా):

కొన్నేళ్ల కిందటి మాట. డిసెంబరు నెల. రాత్రి ఒంటిగంట దాటింది. సుంకి ఘాట్‌లో మంచు దుప్పటిలా పరుచుకుంది. బావ పాత జీపు నడుపుతున్నాడు. వెనక సీట్లో నాన్న. ఛాతీలో నొప్పి అంటే పట్టణంలోని ఆసుపత్రిలో చూపించాం. ఆలస్యం చేయకుండా విశాఖ తీసుకెళ్లమన్నారు. అంబులెన్సు అప్పటికే వేరే రోగితో బయలుదేరిపోయింది. ఉన్నది జీపే. ఎక్కించుకుని బయలుదేరాం.

పొట్టంగి దాటాక నాకు అనుమానమొచ్చింది. "బావా, లైటు వేసే ఉందా?" అని అడిగాను.

"వేసే ఉంది బామ్మర్దీ. దీని వెలుతురే అంత" అన్నాడు.

లాంతరుకు ఎక్కువ, టార్చికి తక్కువ. ముందు నాలుగు బారల దూరం కూడా సరిగా ఆనడం లేదు. ముందుపోయే లారీ వెనక ఎర్రలైటును పట్టుకుని గుడ్డిగా దిగుతున్నాం. ఆ లారీ ఒక మలుపు దగ్గర మమ్మల్ని వదిలి ముందుకెళ్లిపోయింది. తర్వాతి మలుపులో ఇంకో లారీ చెడిపోయి ఆగి ఉంది. వెనక రిఫ్లెక్టర్ లేదు. చెట్టుకొమ్మ ఒకటి పడేశారంతే. బావ బ్రేకు మీద నిలబడ్డాడు. జీపు ఆగేసరికి మా బంపరుకీ, ఆ లారీ తొట్టికీ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా మిగిలింది. నాన్న మాత్రం "ఏటైందిరా?" అన్నాడు. మేమిద్దరం మాట్లాడలేదు.

నాన్న బతికాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఆ రాత్రి మాకు అర్థమైంది ఒక్కటే. మా జీపుకి ఫోర్ వీల్ ఉంది. లో గేర్ ఉంది. కొండనైనా ఎక్కగల సత్తువ ఉంది. లేనిదల్లా చూపు. సరిహద్దు జిల్లాల్లో రాత్రిపూట తిరిగే వందలాది బండ్ల పరిస్థితీ ఇదే. పది పదిహేను లక్షలు పోసి కొత్త బండి కొనాలని చూసేవాళ్లు కూడా, రెండు వేలతో బాగయ్యే హెడ్‌లైటు సంగతి పట్టించుకోవడం లేదు.

వెలుతురు దారిలోనే పోతోంది

నాలుగు రోజుల తర్వాత విశాఖ నుంచి తిరిగొస్తూ సాలూరులో ఆగాం. లారీలకు పేరుపడ్డ ఊరు కదా. బాడీ కట్టేవాళ్లు, ఇంజిను విప్పేవాళ్లు, ఎలక్ట్రీషియన్లు అందరూ ఒకేచోట దొరుకుతారు. ఒక పెద్దాయన షెడ్డు ముందు జీపు ఆపాం. బావ తన గోడు చెప్పుకున్నాడు. మూడుసార్లు బల్బులు మార్చాడట. చివరిసారి 100 వాట్ల బల్బులు వేయించాడట. మొదటి వారం బాగానే ఉందట. తర్వాత మళ్లీ మామూలే.

పెద్దాయన ఇంజిను ఆన్‌లో ఉంచమని మీటరు తీశాడు. బ్యాటరీ దగ్గర పెట్టి చూస్తే 13.8 వోల్టులు. అదే మీటరు బల్బు హోల్డర్ వెనక పెడితే 11.2. మా వైపు తిరిగి, "బల్బుది కాదు బాబూ తప్పు... వైరుది. కరెంటు దారిలోనే తాగేత్తంది" అన్నాడు.

ఇదే అసలు కిటుకు. బల్బులోని తీగ వెలుతురు వోల్టేజీతో సమానంగా తగ్గదు. అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు పోతుంది. 13.8 ఉండాల్సిన చోట 11.2 వస్తే మిగిలేది సగమే. అంటే మా జీపు రెండు దీపాలు వేసుకుని ఒక దీపం వెలుతురుతో ఘాట్ దిగిందన్నమాట.

పాత బండ్లలో ఇలా ఎందుకవుతుంది? బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు స్టీరింగు దగ్గరి స్విచ్చికి పోయి, అక్కడి నుంచి డిప్పర్ స్విచ్చికి, మళ్లీ ముందుకు తిరిగి బల్బుకు చేరుతుంది. వైరు సన్నం. మధ్యలో నాలుగైదు జాయింట్లు. ఏళ్లు గడిచేకొద్దీ జాయింట్లు పాచిపడతాయి. స్విచ్చి లోపలి రాగి పలకలు నల్లబడతాయి. ఎర్త్ వైరు బిగించిన చోట తుప్పు పడుతుంది. ఒక్కోచోట కొంచెం కొంచెంగా వోల్టేజీ రాలిపోతుంది. దానికితోడు పెద్ద బల్బు వేస్తే ఇంకా ఎక్కువ కరెంటు ఆ సన్నటి వైరులోంచే పోవాలి. వైరు వేడెక్కుతుంది. హోల్డర్ కరుగుతుంది. బావ హోల్డర్ విప్పి చూస్తే అట్ల పెనంలా మాడిపోయి ఉంది.

తూము తలుపు తీస్తే చాలు

దీనికి మందు రిలే. ఐదు రూపాయల నాణెం కన్నా కాస్త పెద్ద డబ్బా. చెరువు నీళ్లను ఊళ్లోకి తెచ్చి, ఇంటింటికీ తిప్పి, మళ్లీ పొలానికి పంపితే చివరికి ఎన్ని మిగులుతాయి? చెరువు నుంచి పొలానికి నేరుగా కాలువ తవ్వి, తూము దగ్గర తలుపు పెడితే ఆ బాధ ఉండదు. రిలే ఆ తూము తలుపు. స్టీరింగు దగ్గరి స్విచ్చి తలుపు తెరవమని సైగ చేస్తుందంతే. అసలు కరెంటు మాత్రం బ్యాటరీ నుంచి లావుపాటి వైరులో నేరుగా బల్బుకు పోతుంది.

రిలే మీద నాలుగు కాళ్లకు నంబర్లు ఉంటాయి. 30 నంబరుకు బ్యాటరీ నుంచి వచ్చే వైరు. 87 నుంచి బల్బుకు పోయే వైరు. 85, 86 కాళ్లలో ఒకటి పాత హెడ్‌లైట్ వైరుకు, ఇంకొకటి ఎర్త్‌కు. డిమ్‌కు ఒక రిలే, బ్రైట్‌కు ఒక రిలే. మామూలు హాలోజెన్ బల్బులో బ్రైట్ 60 వాట్లు, డిమ్ 55 వాట్లు. రెండు దీపాలూ బ్రైట్‌లో వెలిగితే 12 వోల్టుల బండిలో సుమారు 10 ఆంపియర్ల కరెంటు పారుతుంది. దీనికి రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేసుకుంటే దిగులుండదు. బ్యాటరీకి జానెడు దూరంలోనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించాలి. ఇది మర్చిపోతే వైరు ఎక్కడైనా రాసుకున్నప్పుడు బండి తగలబడే ప్రమాదం ఉంది. ఎర్త్ వైరు కూడా కొత్తది వేసి, రేకు మీద రంగు గీకి బిగించాలి.

ఈ వైరింగు సెట్టు హోల్డర్లతో సహా తయారుగా దొరుకుతుంది. సాలూరు పెద్దాయన మాత్రం చేత్తోనే అల్లాడు. 100 వాట్ల బల్బులు తీయించి మళ్లీ 60/55 పెట్టాడు. రెండు గంటల పని. సామాను, కూలీ కలిపి రెండు వేల లోపే అయింది. మళ్లీ మీటరు పెడితే హోల్డర్ దగ్గర 13.4 చూపించింది. ఆ సాయంత్రం ఘాట్ ఎక్కుతుంటే బావ "ఈ రోడ్డుకి పక్కన రాళ్లున్నాయని ఇప్పుడే తెలిసింది" అన్నాడు.

కొత్త బండ్లలో చాలావాటికి కంపెనీయే రిలేలు పెడుతోంది. కాబట్టి ముందు మీటరుతో కొలిపించాకే వైరింగు మాట ఎత్తాలి. బ్యాటరీకీ బల్బుకూ తేడా అర వోల్టు లోపే ఉంటే వైరింగు బాగున్నట్టే. రోగం ఇంకెక్కడో ఉంది.

ముందు కడగండి... తర్వాతే కొనండి

మసక దీపానికి కారణం చాలాసార్లు కళ్లెదుటే ఉంటుంది. ప్లాస్టిక్ అద్దాలున్న హెడ్‌లైట్లు ఎండకు నాలుగైదేళ్లలో పసుపుబారి, కంట్లో శుక్లం పడ్డట్టు అవుతాయి. నీళ్లు పోస్తూ 800, తర్వాత 1500, ఆపైన 2000 నంబరు ఉప్పు కాగితంతో వరసగా రుద్ది, పాలిష్ పెడితే మళ్లీ తేటపడతాయి. చివర్లో ఎండను ఆపే పూత వేయకపోతే కొన్ని నెలల్లోనే మొదటికొస్తుంది. టూత్‌పేస్టుతో రుద్దే చిట్కా ఒకటి బాగా ప్రచారంలో ఉంది. నాలుగు రోజుల ముచ్చటే.

లోపల వెండిలా మెరవాల్సిన రిఫ్లెక్టర్ నల్లబడినా, పొట్టు లేచినా ఇక బల్బు మార్చి లాభం లేదు. హెడ్‌లైటు మార్చాల్సిందే. పాత జీపులు, జిప్సీల వాళ్లకు ఇక్కడ ఒక సుఖం ఉంది. వాటిలో ఎక్కువగా ఉండేది 7 అంగుళాల గుండ్రటి హెడ్‌లైటు. గాజు అద్దం, మంచి రిఫ్లెక్టర్ ఉన్నది ఏ పెద్ద స్పేర్ పార్ట్స్ దుకాణంలోనైనా దొరుకుతుంది.

తర్వాత చూసుకోవాల్సింది దీపం చూపు ఎటు ఉందన్నది. ఇది ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. చదునైన నేల మీద గోడకు 25 అడుగుల దూరంలో బండి ఆపాలి. టైర్లలో గాలి సరిగా ఉండాలి. హెడ్‌లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద సుద్దముక్కతో గీత గీయాలి. డిమ్ వేసినప్పుడు వెలుతురు పైఅంచు ఆ గీతకు మూడు అంగుళాలు కింద పడాలి. అంతకంటే పైన పడితే ఎదుటివాడి కళ్లల్లోకి పోతుంది. మరీ కింద పడితే మన బంపరు ముందే ఆగిపోతుంది. వెనక సీట్లలో పదిమందినీ, టాపు మీద బస్తాలనూ ఎక్కిస్తే బండి ముక్కు పైకి లేస్తుందని మర్చిపోకూడదు. రోజూ అంత బరువుతో తిరిగే బండికి ఆ బరువుతోనే దీపం సరిచేయించాలి.

తెల్లటి మోజు

"ఇదంతా ఎందుకు, ఎల్‌ఈడీ బల్బు వేసేస్తే పోలా?" అని చాలామంది అడుగుతారు. వేసేవాళ్లూ చాలామందే. హాలోజెన్ హెడ్‌లైటు రిఫ్లెక్టర్‌ను అందులోని సన్నటి తీగ ఎక్కడుంటుందో లెక్కగట్టి తయారు చేస్తారు. ఎల్‌ఈడీ బల్బులో వెలిగే చుక్కల ఆకారం వేరు, ఉండే చోటు వేరు. దాంతో వెలుతురు రోడ్డు మీద కుదురుగా పడకుండా నలుగడలా చెదురుతుంది. బండి ముందు తెల్లగా మెరిసిపోతుంది కాబట్టి మనకు బాగున్నట్టే అనిపిస్తుంది. దూరాన ఉన్న గేదె మాత్రం కనిపించదు. ఎదుటి లారీ డ్రైవరుకు మాత్రం కళ్లు బైర్లు కమ్ముతాయి. ఘాట్ మలుపులో అతనికి రెండు సెకన్లు చూపు పోతే లోయలో పడేది అతనొక్కడే కాకపోవచ్చు.

నీలంరంగు పూత వేసిన బల్బులదీ అదే కథ. ఆ పూత వెలుతురులో కొంత భాగాన్ని మింగేస్తుంది. మంచులో, వానలో ఆ తెలుపు మన కళ్లకే తిరిగి కొడుతుంది. ఎల్‌ఈడీ కావాలనుకుంటే కంపెనీయే ఎల్‌ఈడీ హెడ్‌లైటుతో ఇచ్చిన బండి కొనుక్కోవాలి. అక్కడ రిఫ్లెక్టర్, లెన్సు అన్నీ దానికి తగ్గట్టే ఉంటాయి.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని కంపెనీ ఇచ్చిన లెక్కలకు భిన్నంగా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. టాపు మీద వరస దీపాల బార్ పెట్టుకుని మెయిన్ రోడ్డు మీద వెలిగించుకు తిరిగితే రెండు రాష్ట్రాల చెక్‌పోస్టుల్లోనూ జవాబు చెప్పుకోవాలి. మంచు ఎక్కువుండే కొరాపుట్, పొట్టంగి వైపు తిరిగేవాళ్లకు బంపరు కింద, వెడల్పుగా పరుచుకునే ఫాగ్ లైట్లు నిజంగా పనికొస్తాయి.  ఫాగ్ లైటు వెలుతురు కిందుగా పరుచుకుని రోడ్డు అంచు చూపిస్తుంది. మంచులో బ్రైట్ వేస్తే మాత్రం ఎదురుగా తెల్లగోడ కట్టినట్టే.

దీపం ఎంతో... వేగం అంత

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటేస్తుంది. అడ్డం చూసి కాలు బ్రేకు మీదకు పోయేలోగానే 25 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డు మీద బ్రేకు పట్టాక మరో 20 మీటర్లు. మొత్తం 45. తడిరోడ్డయితే ఇంకా ఎక్కువ. దిగుడైతే చెప్పనే అక్కర్లేదు. మన దీపం 30 మీటర్ల దాకానే చూపిస్తుంటే? అడ్డం కనిపించేసరికే ఆపగల సమయం దాటిపోయినట్టు. అదే 40 కిలోమీటర్ల వేగమైతే మొత్తం 26 మీటర్లలో బండి ఆగుతుంది. దీపం బాగయ్యేదాకా చేయగలిగిన వైద్యం ఇదొక్కటే. యాక్సిలరేటర్ మీద కాలు తేలిక చేయడం.

ఇక బండి సంగతి

దీపం బాగుపడ్డాక కూడా బండి మార్చాల్సిన అవసరం కొందరికి ఉంటుంది. కొండ మీది తోటలకు, కాంట్రాక్టు పనులకు, మందుల సరఫరాకు, బడులకు రోజూ మట్టిదారుల్లో పోయేవాళ్లున్నారు. ఒడిశాలో కెల్లా ఎత్తయిన దేవమాలి, 1672 మీటర్లు, ఈ జిల్లాలోదే. శని, ఆదివారాల్లో దాన్ని చూడ్డానికి వచ్చే కుర్రాళ్ల బండ్లు చూసి మనవాళ్లకూ మోజు పుడుతోంది. మోజుకు కొంటే ఎవరిష్టం వారిది. అవసరానికి కొనేవాళ్లు మాత్రం నాలుగు విషయాలు అడగాలి.

ఒకటి, నాలుగు చక్రాలకూ ఇంజిను బలం అందుతుందా? రెండు, లో గేర్ ఉందా? నిటారు ఎక్కుళ్లలో నెమ్మదిగా, బలంగా లాగేది ఇదే. దిగేటప్పుడు బ్రేకులు కాలిపోకుండా బండిని పట్టి ఉంచేదీ ఇదే. మూడు, పొట్ట కింద ఎంత జాగా? రాయి తగిలితే మొదట పోయేది ఆయిల్ సంపే. నాలుగు, ఒక చక్రం గాలిలోకి లేచినా, బురదలో ఊరికే తిరుగుతున్నా మిగతా చక్రానికి బలం పంపే డిఫరెన్షియల్ లాక్ ఉందా?

మన దారుల్లో ఎక్కువగా కనిపించేది బొలేరో. 2000లో వచ్చింది. గట్టిది, బాగుచేసేవాళ్లు ఊరూరా ఉంటారు, ఏడుగురిని మోస్తుంది. అయితే మనం రోజూ చూసే బొలేరో వెనక రెండు చక్రాల బండే. తారురోడ్డు, గ్రావెల్ దారులు, అప్పుడప్పుడు మట్టిబాట... ఇంతవరకే అయితే అంతకుమించి అక్కర్లేదు. వానాకాలంలో ఎర్రమట్టి ఎక్కుడు వస్తే మాత్రం చేతులెత్తేస్తుంది.

థార్ 2010లో మొదలై, 2020లో పూర్తిగా కొత్త రూపంలో వచ్చింది. 2020 నాటి ఫోర్ వీల్ థార్‌కు పొట్ట కింద 226 మిల్లీమీటర్ల జాగా ఉంది. 650 మిల్లీమీటర్ల లోతు నీళ్ల దాకా దాటగలదని కంపెనీ లెక్క. ఇక్కడ ఒక జాగ్రత్త. 2023 జనవరి నుంచి థార్‌లో వెనక చక్రాలకే బలమందే రకం కూడా వస్తోంది. ధర తక్కువని అది కొని, కొండ దగ్గర ఫోర్ వీల్ గేరు కోసం వెతికితే ఉండదు. డిఫరెన్షియల్ లాక్ కూడా అన్ని రకాల్లో ఉండదు. రసీదు రాయించే ముందే అడిగి చూసుకోవాలి.

జిమ్నీ 2023లో వచ్చింది. పాత జిప్సీ వంశమే. బరువు 1200 కిలోలకు అటూ ఇటూ. పొట్ట కింద 210 మిల్లీమీటర్లు. ఫోర్ వీల్, లో గేర్ అన్ని రకాల్లోనూ ఉన్నాయి. తేలిక బండి కాబట్టి బురదలో కూరుకుపోయేది తక్కువ. సన్నటి కొండబాటల్లో ఇట్టే తిరుగుతుంది. పెట్రోలుతోనే నడుస్తుంది, నలుగురికే జాగా. బస్తాలు మోయాలంటే కుదరదు.

గూర్ఖా అచ్చమైన కొండబండి. డీజిల్. ముందూ వెనకా రెండు ఇరుసులకూ లాక్‌లు. 700 మిల్లీమీటర్ల నీళ్ల దాకా పోగలదు. గాలి పీల్చే గొట్టం కంపెనీయే పైకి పెట్టి ఇస్తుంది. 2024 నుంచి ఏడుగురు కూర్చునే ఐదు తలుపుల రకం కూడా ఉంది. సర్వీసు సెంటరు మీ ఊరికి ఎంత దూరమో కనుక్కున్నాకే ముందుకెళ్లాలి.

ఈ నాలుగింటినీ చూసేటప్పుడు ఇంకో మాట. మనం షోరూములో బండిని పగలు చూస్తాం. కొండ మీద నడిపేది రాత్రి. టెస్ట్ డ్రైవ్ సాయంత్రం ఏడు తర్వాత అడగండి. 2020 థార్ హాలోజెన్ దీపాలతోనే వచ్చింది. జిమ్నీలో కింది రకానికి హాలోజెన్, పై రకానికి ఎల్‌ఈడీ. గూర్ఖాకు ఎల్‌ఈడీ. పాటలు వినిపించే స్క్రీను ఎన్ని అంగుళాలని అడిగే ముందు, దీపం ఎంత దూరం చూపుతుందో కళ్లతో చూసుకోవాలి.

నీళ్ల లోతు లెక్కలను నమ్మి గెడ్డలోకి దిగేవాళ్లకు ఒక హెచ్చరిక. అవి కదలని నీళ్ల లెక్కలు. కాజ్‌వే మీద పారే నీళ్లు మోకాలి లోతున్నా బండిని పక్కకు తోసేయగలవు. అక్కడ ఏ ఫోర్ వీలూ అక్కరకు రాదు. ఆగడమే దారి.

ఇంకో తప్పు కూడా తరచూ జరుగుతోంది. గేరు వేసి ఫోర్ వీల్ పెట్టే బండిని పొడి తారురోడ్డు మలుపుల్లో అలాగే నడుపుతున్నారు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు ఒకే దూరం తిరగవు. ఆ ఒత్తిడంతా గేరుపెట్టె మీద పడుతుంది. బురద, ఇసుక, వదులు రాళ్లు వస్తేనే ఫోర్ వీల్. తారు ఎక్కగానే మామూలుకు మార్చాలి.

ఏ సరిహద్దుకు ఏ బండి?

కొరాపుట్, రాయగడ కొండల్లో రోజూ తిరిగేవాళ్లకు ఫోర్ వీల్ ఖర్చు దండగ కాదు. సింధనూరు, గంగావతి క్యాంపుల్లోని మన రైతులకు కొండలు లేవు, నల్లరేగడి ఉంది. వాన పడ్డాక ఆ మట్టి టైరు గాడులన్నీ నింపేసి చక్రాన్ని నున్నటి ముద్దలా చేస్తుంది. అక్కడ బండి పేరు కన్నా లోతైన గాడులున్న టైర్లే ముఖ్యం. అయినా కూరుకుపోతే చివరికి లాగేది ట్రాక్టరే. సిరొంచ వైపు అడవి దారుల్లో, హోసూరు పక్కన తళి, డెంకణికోట రోడ్లలో రాత్రి జంతువులు అడ్డం రావడం మామూలు. ఏనుగు ఎదురైతే బ్రైట్ కొట్టడం, హారన్ వేయడం చేయకుండా దూరంగా ఆగి దారివ్వాలి. అక్కడా మొదటి అవసరం కుదురైన దీపమే. యానాం వాళ్లకు నేలంతా చదును. గోదావరి గట్టు మీద తిరగడానికి లో గేర్ ఎందుకు? ఆ డబ్బుతో మంచి టైర్లు, మంచి దీపాలు వేయించుకుని మిగిలింది దాచుకోవచ్చు.

అటు బండి ఇటు కొంటే

సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ బండ్లకు మనవాళ్లు ఎక్కువగా విశాఖ, విజయనగరం వైపే చూస్తారు. బండి బాగున్నా కాగితాలు బాగోకపోతే తలనొప్పి. ఆంధ్ర నంబరు బండిని ఒడిశాలో 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు వేయించుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. అందుకు అమ్మిన చోటి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. ఇక్కడి పన్ను వేరుగా కట్టాలి. ఫైనాన్స్ తీరిందో లేదో, పాత చలానాలు ఉన్నాయో లేదో డబ్బు చేతులు మారకముందే చూసుకోవాలి. కొరాపుట్ జిల్లాలో ఓడీ 10 నంబరు పడేదాకా పని పూర్తయినట్టు కాదు.

బండిని చూసేటప్పుడు నేల మీద పడుకుని కింద చూడండి. ఛాసిస్‌కు వెల్డింగు అతుకులున్నా, గేరుపెట్టె దగ్గర ఆయిల్ కారుతున్నా, ఫోర్ వీల్ లివర్ పడకపోయినా ధర కాదు, బండినే వదిలేయాలి. సొంతంగా వేసుకున్న దీపాలు, తెగిన వైర్లు, టేపు చుట్టిన జాయింట్లు కనిపిస్తే వైరింగు ఖర్చు కలుపుకునే బేరమాడండి.

బయలుదేరే ముందు...

- హెడ్‌లైట్ అద్దాలు తడిగుడ్డతో తుడవండి. ఘాట్‌లో టీకి ఆగినప్పుడు ఇంకోసారి.
- రెండు దీపాలూ, డిమ్, బ్రైట్ వేసి గోడ మీద చూడండి. ఒకటి ఎర్రగా, ఇంకొకటి తెల్లగా ఉంటే ఎర్రటి వైపు వైరో, ఎర్తో చెడింది.
- బల్బు గాజును వేళ్లతో ముట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి తొందరగా పోతుంది.
- అదనపు బల్బు, ఫ్యూజులు, టార్చి, రిఫ్లెక్టర్ త్రికోణం బండిలో ఉంచండి. ఆగిపోతే చెట్టుకొమ్మ వేసి ఊరుకోవద్దు.
- ఎదురు బండి వస్తే ముందు మీరే డిమ్ చేయండి. సన్నటి ఘాట్‌లో పైకెక్కే బండికి దారివ్వాలన్నది నియమం.
- దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి. న్యూట్రల్ వద్దే వద్దు.

బావ ఇప్పుడు కొత్త బండి కొనాలని చూస్తున్నాడు. పిల్లలు థార్ అంటున్నారు, అక్క ఏడుగురు పట్టాలంటోంది. ఇంకా తేలలేదు. పాత జీపు మాత్రం అమ్మనంటున్నాడు. ఇప్పటికీ రాత్రి ప్రయాణమంటే నాన్న వాకిట్లోకొచ్చి నిలబడతాడు. బండి స్టార్టు చేశాక, ఎదురింటి గోడ మీద రెండు దీపాల వెలుగూ సమానంగా పడిందని చూసుకున్నాకే "ఇక బయలుదేరండి" అంటాడు.